దక్షిణ అండమాన్ పక్షులు: ఇక్కడివేవో, వలస వచ్చినవేవో పోల్చుకోవడం ఎలా

విశాఖ నుంచి ఓడలో వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) దిగిన తెలుగువారికి మొదటి రోజు కనిపించే పక్షులు చాలావరకు తెలిసినవాటిలాగే అనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. బజారులో తిరిగే గోరింక మన గోరింకే అయినా ఈ దీవుల పక్షి కాదు, 19వ శతాబ్దంలో మనుషులు తెచ్చి వదిలినది. దాని పక్కనే తీగ మీద కూర్చున్న, తల, పొట్ట తెల్లగానూ రెక్కలు నిగనిగలాడే నలుపుగానూ ఉన్న తెల్లతల గోరింక మాత్రం ఈ ద్వీపసమూహం దాటితే కనిపించదు.

అందువల్ల అడవిలో ఏ పక్షి కనిపించినా, మన ఊళ్ళో ఉండే దాని బంధువుతో పోల్చి, తేడా ఎక్కడుందో చూడడం మంచి పద్ధతి. మన జెముడుకాకికి ఒళ్ళంతా నలుపు, రెక్కలు ఇటుక రంగు. అండమాన్ జెముడుకాకికి రెక్కలు అలాగే ఉన్నా తల, ఒళ్ళు వెలిసిన గోధుమ రంగులో ఉంటాయి. పసులపోలిగాడి జాతికి చెందిన అండమాన్ డ్రోంగోకు తోక లోతుగా చీలి, కొసలు బయటికి వంపు తిరుగుతాయి. అదే అడవిలో ఉండే రాకెట్ తోక డ్రోంగోకు తోక చివర సన్నని తీగల కొసన బిళ్ళలు వేలాడుతుంటాయి. ఆ బిళ్ళలు ఒక్కోసారి ఊడిపోతాయి కాబట్టి దీని నుదుటి మీద ఉండే జుట్టును కూడా చూడాలి. అండమాన్ వడ్రంగిపిట్టకు ఒళ్ళంతా నలుపు, తల మీద ఎర్రని జుట్టు. ఆ ఎరుపు నుదుటి నుంచే మొదలై బుగ్గ మీద కూడా ఉంటే మగది, తల వెనుక భాగంలోనే ఉంటే ఆడది.

వలస పక్షుల కోసం పోర్ట్ బ్లెయిర్ దగ్గరి సిప్పీఘాట్ చిత్తడి నేలలకు వెళ్ళాలి. ఒకప్పుడు ఇవి వరి పొలాలు. 2004 డిసెంబరు 26 భూకంపంతో నేల కుంగి, సముద్రపు నీరు చొరబడి, బురద చిత్తడిగా మారాయి. రైతులకు జరిగిన నష్టం అలా ఉండగా, బురదలో మేసే ఉల్లంకి పిట్టలకు మాత్రం మేత దొరికే చోటు ఏర్పడింది. పోటు మీద పక్షులు గట్ల మీద గుంపుగా చేరతాయి, పాటు మీద బురదంతటా చెదిరిపోతాయి కాబట్టి పోటుపాట్ల వేళలు ముందే తెలుసుకుని వెళ్ళడం మేలు.

దూరం నుంచి పరిమాణాన్ని నమ్మకూడదు; ముక్కు పొడవును తల పొడవుతో పోల్చి చూడాలి. తలకంటే పొట్టి ముక్కు, వీపు మీద బంగారు చుక్కలు ఉంటే అది ఆర్కిటిక్ మైదానాల నుంచి వచ్చిన పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్; ఏప్రిల్ నాటికి దాని పొట్ట నల్లబడడం మొదలవుతుంది. పొడవైన ముక్కు కిందికి వంగి, తల మీద ముదురు చారలుంటే విమ్‌బ్రెల్. వెనుక భాగాన్ని ఆగకుండా ఊపుతూ, భుజం దగ్గర తెల్లని పాయ కనబరిచేది కామన్ శాండ్‌పైపర్. ఇవన్నీ సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు కనిపిస్తాయి. అయితే మే, జూన్ నెలల్లో కనిపించినంత మాత్రాన స్థానికమని రాసుకోకూడదు, ఎందుకంటే ఎదగని పక్షులు కొన్ని వేసవిలోనూ ఉండిపోతాయి. ఈ గుంపుల నడుమ కంటి చుట్టూ తెల్లని వలయంతో ఈదే గోధుమ రంగు బాతు వలస వచ్చినది కాదు, అండమాన్ టీల్. ఒడ్డున ఒకటి తెల్లగా, ఒకటి బూడిద రంగులో నిలబడిన కొంగలు రెండు జాతులు కానక్కర్లేదు. రీఫ్ కొంగ రెండు రంగుల్లోనూ ఉంటుంది.

డిసెంబరులో సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడుతుంది. దక్షిణ అండమాన్ దక్షిణపు కొసన ఉన్న చిడియా టాపులో గుడ్లగూబలు చూడదలచినవారు వెలుతురు ఉండగానే దారి పక్క ఎత్తైన చెట్లను గమనించి పెట్టుకోవాలి. రికార్డు చేసిన కూత వినిపించి పిలిస్తే అవి మేత మాని తిరుగుతాయి కాబట్టి ఆ పని చేయకూడదు. టార్చి వెలుగులో పొట్ట మీద ఎర్రగోధుమ చారలు కనిపిస్తే అండమాన్ బూబుక్, చారలు లేకుండా ఒకే ముదురు గోధుమ రంగుంటే హ్యూమ్ బూబుక్.