కవర్ బాలేదంటే చాలదు, ఎవరి పని బాలేదో చెప్పాలి

ఫ్యాషన్ మ్యాగజైన్ కొత్త కవర్ రాగానే అందరూ మోడల్ మీద పడతారు. పాపం, అందులో ఆమె చేతిలో ఉన్నది కొంచెమే. ఫొటో ఒకరిది, బట్టలు ఒకరివి, అక్షరాలు ఇంకొకరివి. నేనైతే ముందు ఈ మూడింటినీ విడదీసి చూస్తాను.

అక్షరాలతో మొదలుపెట్టండి. ఫోన్‌లో కవర్‌ని గోరంత చేసి చూడండి. పత్రిక పేరూ మొహమూ తెలిస్తే చాలు, డిజైన్ సగం పాసైనట్టే. తర్వాత కవర్ లైన్లను, అంటే ఫొటో మీద వేసిన శీర్షికలను, వేలితో మూయండి. ఫొటో ఒక్కసారిగా బాగుందనిపిస్తే ఫొటోగ్రాఫర్‌ని వదిలేయండి, చెడగొట్టింది పేజీ పెట్టినవాళ్లు. 1992 సెప్టెంబర్ హార్పర్స్ బజార్ కవర్ వెతికి చూడండి. తెల్లటి ఖాళీలో మోడల్ లిండా ఎవాంజెలిస్టా చెయ్యి పైకెత్తి ఉంటుంది, పేరులోంచి ఒరిగిపోతున్న అక్షరాన్ని పట్టుకున్నట్టు. కవర్ లైన్ ఒక్కటంటే ఒక్కటే. ఫేబియన్ బారన్ డిజైన్, పాట్రిక్ డిమార్షెలియే ఫొటో. ఎవరి పని ఎక్కడ ఆగిందో చెప్పలేం. నా లెక్కలో మంచి కవర్ అంటే అదే.

స్టైలింగ్‌కి, అంటే బట్టలూ నగలూ ఎంచి జత కూర్చే పనికి, నాది ఒకటే ప్రశ్న: కవర్ పక్కన పెట్టేశాక ఏ వస్తువు గుర్తుంది? ఏదీ గుర్తులేకపోతే అక్కడ బట్టలున్నాయి గానీ స్టైలింగ్ లేదు. 1988 నవంబర్ అమెరికన్ వోగ్ మీద రాళ్లు పొదిగిన సిలువ ఉన్న, డిజైనర్ లక్రువా చేసిన జాకెట్, దాని కింద మామూలు జీన్స్. జతగా రావాల్సిన స్కర్టు మోడల్‌కి సరిపోక జీన్స్ వేశారు. కవర్ చూసి, ఏదైనా పొరపాటు జరిగిందా అని ప్రింటర్లు ఫోన్ చేశారని అప్పటి ఎడిటర్ ఆనా వింటూర్ తర్వాత చెప్పింది. అతికినట్టు జత కుదిరిన సెట్ అయితే ఇన్నేళ్లు గుర్తుండేదా? నాకు అనుమానమే. ఇంకోటి, భుజాల దగ్గర ముడతలు చూడండి. అన్నీ వీపు వైపే లాగుతుంటే వెనక క్లిప్పులు పెట్టారన్నమాట. అందరూ పెడతారు, కనబడకూడదంతే.

ఫొటో విషయానికొస్తే, జూమ్ చేసి కంటిపాపలో మెరుపు చూడండి. చతురస్రంగా ఉంటే సాఫ్ట్‌బాక్సో (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె తొడిగిన లైటు) కిటికీయో, మధ్యలో ఖాళీ ఉన్న గుండ్రటి చుట్టైతే రింగ్ లైట్. ఆ వెలుగు వచ్చిన దిక్కుకీ ముక్కు నీడకీ పొంతన కుదరాలి. ఆ తర్వాత చేతులు చూడండి. మొహం అద్దంలా ఉండి, వేళ్ల మీద గీతలు అలాగే మిగిలితే రీటచింగ్, అంటే తీశాక ఫొటోకి దిద్దే మెరుగులు, సగంలో వదిలేశారని అర్థం. రీటచింగ్ అంటే నాకు పడదనుకునేరు. 1950 జనవరి వోగ్ కవర్ మీద ఫొటోగ్రాఫర్ బ్లూమెన్‌ఫెల్డ్ ఒక కన్ను, పెదవులు, పుట్టుమచ్చ ఉంచి ముక్కునే మాయం చేశాడు. నాకది ప్రాణం. దాచకుండా చేశాడు కాబట్టి.

కవర్ గురించి రాసేటప్పుడు "ఫొటో అంచుల కత్తిరింపు మోచేతిని నరికేసింది", "పసుపు అక్షరాలు చర్మం రంగులో కలిసిపోయాయి" అన్నంత సూటిగా రాయండి. ఒక విషయం, రాసే ముందు ఏ ఎడిషన్ చూస్తున్నారో సరిచూసుకోండి. కొన్ని పత్రికలు చందాదారులకు అక్షరాలు తక్కువున్న వేరే కవర్ పంపుతాయి.