విమానాశ్రయంలో ఆ ఊరి వంట తినాలంటే

బోర్డింగ్‌కు ముందు గంటకు పైగా ఖాళీ ఉంటే విమానాశ్రయంలోనే ఆ ఊరి వంట తీరిగ్గా తినొచ్చు. లెక్క మాత్రం విమానం కదిలే టైమ్ నుంచి వేయకండి. బోర్డింగ్ పాస్ మీద రాసిన బోర్డింగ్ టైమ్ నుంచి వెనక్కి రండి. బోర్డింగ్ మామూలుగా విమానం బయల్దేరడానికి 30–45 నిమిషాల ముందు మొదలవుతుంది. చాలా సంస్థలు 15–25 నిమిషాల ముందే గేటు మూసేస్తాయి. ఆర్డరు ఇచ్చాక ప్లేటు రావడానికి 20 నిమిషాలు, తినడానికి 30, గేటు దాకా నడకకు 15 వేసుకుంటే, బోర్డింగ్‌కు కనీసం 65 నిమిషాల ముందు మీరు టేబుల్ దగ్గర ఉండాలి. గేటు వేరే భవనంలో ఉండి రైలో బస్సో ఎక్కాల్సొస్తే ఇంకో 20 నిమిషాలు కలపండి.

ఎక్కడ తినాలన్నది తర్వాతి ప్రశ్న. సెక్యూరిటీ చెక్‌కు బయట, ముఖ్యంగా అరైవల్స్ వైపు ఉండే చిన్న హోటళ్లకు డ్రైవర్లు, విమానాశ్రయ సిబ్బంది, ఎవరినో తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు కూడా వస్తారు. రోజూ అక్కడే తినేవాళ్లు ఉన్నచోట రుచి తప్పితే వెంటనే తెలిసిపోతుంది, అందుకే వంట అసలు రుచికి దగ్గరగా ఉంటుంది. చిక్కల్లా బయట తిన్నాక సెక్యూరిటీ క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేకపోవడమే. టైమ్ బిగుతుగా ఉంటే లోపలికి వెళ్లిపోయి తినండి.

హోటల్ ఎంచుకునేటప్పుడు గోడ మీది ఫోటోలు కాదు, కౌంటర్ వెనక ఏం జరుగుతోందో చూడండి. మెనూలో అయిదారు రకాలే ఉండి, అందులో రెండు అందరి టేబుళ్ల మీదా కనిపిస్తే అదే మంచి గుర్తు. పిజ్జా నుంచి నూడుల్స్ దాకా అన్నీ అమ్మేచోట స్థానిక వంటకం పేరుకే ఉంటుంది.

ఏది ఆర్డరు చేయాలన్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. చాలా టెర్మినళ్లలో భద్రతా కారణాల వల్ల గ్యాస్ మంట, బొగ్గుల పొయ్యి పెట్టనివ్వరు. కరెంటు పొయ్యిల మీదే వంట. కొన్ని వంటకాలు వేరేచోట కేంద్ర వంటశాలలో తయారై వచ్చి, ఇక్కడ వేడి మాత్రమే అవుతాయి. కాబట్టి ఎర్రటి మంట మీద వేయించాల్సినవి, నిప్పుల మీద కాల్చాల్సినవి ఇక్కడ అసలు రుచితో రావడం కష్టం. కరకరలాడాల్సినవి వేడి తగ్గకుండా పెట్టే దీపం కింద పావుగంట ఉంటే మెత్తబడిపోతాయి. గంటల తరబడి సన్నసెగ మీద మగ్గేవి, గ్రేవీలు, సూపులు, ఆవిరి మీద ఉడికేవి మాత్రం ఈ ఏర్పాటును తట్టుకుంటాయి. కొన్ని గ్రేవీలు మళ్లీ వేడిచేస్తే ఇంకా బాగుంటాయి కూడా. ముందు ఇవే అడగండి.

టైమ్ కూడా చూసుకోండి. భోజనాల వేళ గిన్నెలు త్వరత్వరగా ఖాళీ అయి కొత్తవి వస్తుంటాయి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు అడుగున మిగిలింది వడ్డించే ప్రమాదం ఎక్కువ. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. గోరువెచ్చగా వస్తే మొహమాటపడకుండా మళ్లీ వేడి చేయించుకోండి. ఎగరబోయే ముందు పచ్చి మాంసం, పచ్చి చేపలు వద్దు. కడుపు తిప్పితే గాల్లో చేయగలిగింది తక్కువ.

శాకాహారులు, అలర్జీ ఉన్నవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. "మాంసం లేదు" అన్న జవాబు సరిపోదు. కూరగాయల వంటకంలోనూ ఎముకలు మరిగించిన నీళ్లు, చేపల సాస్, ఎండు రొయ్యల పొడి, జంతువుల కొవ్వు ఉండొచ్చు. వాటిని ఒక్కోటి పేరు పెట్టి అడగండి. అదే నూనెలో ఇంకేమైనా వేయిస్తారా అన్నదీ అడగాలి. మీకు పడని పదార్థాల పేర్లు స్థానిక భాషలో రాయించి ఫోన్‌లో దాచుకుంటే, గోలగా ఉన్న కౌంటర్ దగ్గర నోటితో చెప్పేదానికన్నా బాగా పనిచేస్తుంది.

ఇద్దరుంటే ఒక ప్రధాన వంటకం, ఒక చిన్న ప్లేటు పంచుకోండి. అన్నీ కొద్దికొద్దిగా వచ్చే ప్లేటు ఉంటే ఇంకా మంచిది. ఏది దేనితో కలుపుకోవాలో, సాస్ మీద పోసుకోవాలో ముంచుకోవాలో వడ్డించేవాళ్లను అడగండి, సంతోషంగా చూపిస్తారు. కారం విడిగా ఇమ్మనండి. విమానం లోపలి గాలి పీడనం 1,800–2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది కాబట్టి కడుపులోని గ్యాస్ పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. చిక్కుళ్లు, పప్పులు, సోడాలు ఎక్కువైతే ఇబ్బంది మీదే. ఉప్పు ఎక్కువున్నవి తింటే నీళ్లు బాగా తాగండి, లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది.

కొన్ని విమానాశ్రయాల్లో బోర్డింగ్‌కు మైకులో పిలవరు. విమానాల వివరాల స్క్రీన్ కనిపించే టేబుల్ చూసుకోండి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి, బ్యాగు పట్టీని కాలికి చుట్టుకుని కూర్చోండి. ఆర్డరుతో పాటే బిల్లు కట్టేస్తే చివర్లో ఎదురుచూపు ఉండదు. పరాయి దేశంలో కార్డు మెషీన్ "మీ దేశపు కరెన్సీలోనా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానికమే నొక్కండి. మీ దేశపు కరెన్సీ ఎంచుకుంటే సాధారణంగా ఖరీదైన మారకపు రేటు పడుతుంది.

మిగిలింది పార్సిల్ కట్టించుకుంటే పొడి పదార్థాలే కట్టించండి. గ్రేవీలు, ఊరగాయలు, సాస్‌లు సెక్యూరిటీ దగ్గర ద్రవాల కిందే లెక్క. చాలాచోట్ల 100 మిల్లీలీటర్లకు మించిన డబ్బాను, అందులో ఉన్నది కొంచెమే అయినా, పంపరు. సెక్యూరిటీ దాటాక కొన్నదైనా మధ్యలో విమానం మారి మళ్లీ తనిఖీ జరిగితే అక్కడ ఆగిపోవచ్చు. మాంసం, పాల పదార్థాలు, పండ్లు ఉంటే దిగే దేశపు కస్టమ్స్ నిబంధనలు ముందే చూసుకోండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తినుబండారాలను ఫారంలో చూపించకపోతే జరిమానా పడుతుంది. వండిన పదార్థాన్ని వడ్డించిన దగ్గర్నుంచి రెండు గంటలకు మించి బ్యాగులో ఉంచకండి, విమానం ఎక్కగానే తినేయండి.