లాల్‌బాగ్‌లో కనిపించింది ఏ ఫ్లైక్యాచర్?

బెంగళూరు లాల్‌బాగ్ తోటలో ఫ్లైక్యాచర్ (ఎగిరే పురుగుల్ని పట్టి తినే చిన్న పిట్ట) కనిపిస్తే, రంగు చూసి పేరు పెట్టేసే తొందర మొదట మానుకోవాలి. చెట్టు నీడలో నీలం నల్లగా కనిపిస్తుంది. ఆకుల పచ్చదనం తెల్లటి పొట్ట మీద పడి పిట్టే పచ్చగా ఉందనిపిస్తుంది. ముందు అది చేసే పని చూడండి. ఫ్లైక్యాచర్ కొమ్మ మీద నిటారుగా కూర్చుని కాపు కాస్తుంది. పురుగు కనపడగానే ఎగిరి గాల్లోనే పట్టి, చాలాసార్లు అదే కొమ్మకో పక్క కొమ్మకో తిరిగొస్తుంది. అలా కాకుండా ఆకుల మధ్య క్షణం నిలవకుండా దూరిపోతూ, కంటి పైన లేత గీత ఉన్నదైతే అది వార్బ్లర్ అనే మరో చిన్న పిట్టే. చలికాలంలో బెంగళూరు చెట్ల నిండా ఇవే, కొత్తవాళ్లు తడబడేదీ వీటి దగ్గరే.

నీలం పిట్టల్లో ఏడాది పొడవునా ఇక్కడ ఉండేది టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్. పిచ్చుకంత ఉంటుంది. మగదానికి వీపు నీలం, గొంతూ రొమ్మూ నారింజ, పొట్ట తెలుపు. నారింజ ఆగిపోయే చోట గీత గీసినట్టుంటుంది. చలికాలంలో వచ్చే బ్లూ-థ్రోటెడ్ ఫ్లైక్యాచర్ మగదానికి గొంతు నీలం, నారింజ రొమ్ము దగ్గరే మొదలవుతుంది. కొన్నిటిలో ఆ నారింజ గొంతులోకి కోణంలా పొడుచుకొస్తుంది. అందుకే పిట్ట మీవైపు తిరిగేదాకా ఆగి, గొంతు రెండు పక్కలా నీలం ఎంత కిందికి దిగిందో చూడండి. ఆడవాటితో ఇంత తంటా లేదు. టికెల్స్ ఆడదానికి వెలిసిన నీలమైనా ఉంటుంది, బ్లూ-థ్రోటెడ్ ఆడది మాత్రం గోధుమరంగే.

ఒళ్లంతా మైలుతుత్తం రంగులో, కంటికీ ముక్కుకీ మధ్య నల్ల మచ్చతో చిటారుకొమ్మన కూర్చున్నది వెర్డిటర్ ఫ్లైక్యాచర్ మగది. చలికాలంలో నంది హిల్స్‌లో వెతకండి.

అసలు చిక్కంతా గోధుమరంగు వాటితోనే. ఇక్కడ కాళ్లు, ముక్కు, తోక ఈ వరసలో చూడాలి. నల్లటి కాళ్లు, పెద్ద కంటి చుట్టూ తెల్లటి వలయం, కింది ముక్కు మొదట్లో మాత్రమే లేత పసుపు ఉంటే ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్. కాళ్లు లేత రంగులో ఉండి, కింది ముక్కు దాదాపు మొత్తం పసుపైతే బ్రౌన్-బ్రెస్టెడ్. ఇది గుబురు నీడలో, కింది కొమ్మల్లో ఉంటుంది. ఎక్కువగా పడమటి కనుమల వైపు వెళ్తూ ఇక్కడ మజిలీ చేస్తుంది. నీడలో లేత కాళ్లు కూడా నల్లగానే కనిపిస్తాయి, పొరపాటు జరిగేది ఇక్కడే. వెలుగులోకి వచ్చేదాకా ఆగండి, లేదా ఫొటోలో నీడ భాగాన్ని కాస్త వెలిగించి చూడండి.

తోకను మాటిమాటికీ పైకెత్తుతూ, నల్లటి ఆ తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు చూపిస్తుంటే రెడ్-బ్రెస్టెడ్ కావచ్చు, టైగా కావచ్చు. ఆడవాటికీ లేత వయసు మగవాటికీ ఎర్రగొంతు ఉండదు కాబట్టి దాని కోసం వెతక్కండి. తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు చూడండి. అవి తోక కన్నా చిక్కటి నలుపై, ముక్కంతా నల్లగా ఉంటే టైగా. ముక్కు మొదట్లో లేత రంగుంటే రెడ్-బ్రెస్టెడ్. వీపు వైపు నుంచి ఒక్క ఫొటో అయినా లేకపోతే ఈ రెంటినీ తేల్చలేం, పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయడమే మేలు. ఫొటో తీసేటప్పుడు షట్టర్ వేగం 1/1000 సెకను కన్నా తగ్గించకండి. వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచండి, లేకపోతే మిగిలేది నల్లటి నీడే. ఫోన్లో కూత వినిపించి రప్పించే పని మాత్రం వద్దు, మేత మానేసి గొడవకొస్తుంది.

ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ పేరుకే ఫ్లైక్యాచర్, కుటుంబం మోనార్క్‌లనే వేరే పిట్టలది. తెల్లటి ఒళ్లు, బారెడు తోక ఉన్న మగదాన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఇటుకరంగు వీపు, పొట్టి తోక ఉన్న ఆడదాన్నే జుట్టు చూసి బుల్‌బుల్ అనేస్తారు. పిగిలిపిట్ట అంటే బుల్‌బులే, తెలుగులో దీన్ని తోక పిగిలిపిట్ట అన్నదీ ఆ పోలికతోనే. వీపు ఇటుకరంగులో ఉందేమో చూడండి, బుల్‌బుల్‌కి అది ఉండదు.