వాల్యునరాహు ఎక్కాలనుకుంటే

ఈ మంచు శిఖరం పేరు చివర raju అన్న స్పెల్లింగ్ చూసి ‘రాజు’ అనేస్తారు చాలామంది. స్పానిష్ రాత కాబట్టి అది ‘రాహు’. మన రాహువుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, ఆ ప్రాంతపు క్వెచువా భాషలో రాహు అంటే మంచు కొండ. పెరూలోని కార్డిల్యెరా బ్లాంకా పర్వతశ్రేణిలో, వరాస్ ఊరికి దగ్గర్లో, 5,686 మీటర్ల ఎత్తున ఉంటుంది.

అక్కడి మిగతా శిఖరాలతో పోలిస్తే దారి పెద్ద కష్టమేం కాదు, దెబ్బ తీసేది ఎత్తే. పైన గాల్లో దొరికే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగం. అందుకే వరాస్‌లో దిగిన మర్నాడే బయల్దేరకండి, ముందు ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడాలి. ఆ ఊరే 3,050 మీటర్ల మీద ఉంది, రెండు రోజులు ఊరికే తిరగండి, తర్వాత చురుప్ సరస్సుకి (4,450 మీటర్లు) వెళ్లి రండి, ఇంకో రోజు ఉంటే 4,600 మీటర్ల దగ్గరున్న లగూనా 69 కూడా చూసి, రాత్రికి కిందికొచ్చి పడుకోండి. వారం పోయిందే అనిపిస్తుంది, పోనివ్వండి. కోకా టీ తాగితే హాయిగానే ఉంటుంది గానీ ఈ తిరుగుడు పని అది చెయ్యదు. డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే మాత్ర) సంగతి ఇంట్లో ఉండగానే డాక్టర్ని అడగండి.

మే నుంచి సెప్టెంబర్ దాకా పొడి కాలం, అప్పుడే వెళ్లాలి. వరాస్ నుంచి యాకా లోయ దాకా బండి పోతుంది, అక్కణ్ణుంచి నిటారు దారిలో రాళ్ల గుట్టల మీది క్యాంపుకి నడక. మంచు మీద ఎప్పుడూ నడవనివాళ్లు లైసెన్స్ ఉన్న గైడ్ లేకుండా వెళ్లొద్దు, ఎందుకంటే హిమానీనదంలో పగుళ్లు పైకి కనపడవు, తాడు కట్టుకుని నడవాల్సిందే. బూట్లు, క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), హార్నెస్ (తాడు తగిలించుకునే నడుం పట్టీ) అన్నీ వరాస్‌లో అద్దెకిస్తారు. బూట్లు మాత్రం మందం సాక్సుతో వేసుకుని షాపులోనే పది నిమిషాలు నడిచి చూడండి.

బయల్దేరేది అర్ధరాత్రి దాటాక, ఎండెక్కితే మంచు మెత్తబడిపోతుంది కాబట్టి. క్యాంపులో తలనొప్పి తగ్గకపోతే పైకి వెళ్లకండి. నడక తూలినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే దిగిపోవాలి, శిఖరం కనిపిస్తున్నా సరే.

హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు చలికి తొందరగా డౌనవుతాయి, స్పేర్‌వి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి.