కాడిజ్ కేథడ్రల్ చూడాలంటే ఈ వరసలో చూడండి

స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న కాడిజ్ ఊరికి వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడి కేథడ్రల్ (పెద్ద చర్చి) ముందు చౌక్‌లో ఫొటో దిగి, లోపల ఒక చుట్టు చుట్టి వచ్చేస్తారు. మీరు మాత్రం ముందు కాంపో దెల్ సుర్ అనే సముద్రపు గట్టు రోడ్డు మీదికి వెళ్ళండి. సాయంత్రం ఎండ వాలుగా పడి పసుపు పెంకుల గుమ్మటం మెరుస్తుంటే, ఓడల్లో వచ్చేవాళ్ళకి ఈ ఊరు మొదట ఎలా కనిపించేదో ఎవరూ చెప్పక్కర్లేదు. (లోపల చూడ్డానికి ఆదివారం పొద్దున వద్దు, ప్రార్థనలుంటాయి.)

ఇప్పుడు ముందువైపుకి రండి. గోడని కింద నుంచి పైకి మెల్లగా చూడండి, రాయి రంగు మారిపోతుంది. ఎందుకంటే డబ్బు! 1717లో అమెరికా ఖండాలతో స్పెయిన్ వర్తకం చూసుకునే ఆఫీసు సెవిల్ నగరం నుంచి ఇక్కడికి మారింది, ఊరికి దశ తిరిగింది, 1722లో ఆర్కిటెక్ట్ విసెంతే అసెరో ప్లాన్‌తో కట్టడం మొదలుపెట్టారు. తర్వాత చేతిలో డబ్బు ఆడక పని సాగీ సాగీ 1838కి గానీ పూర్తికాలేదు. అంటే 116 ఏళ్ళు. అందుకే కింద పాత బరోక్ శైలి వంపులు, పైన తర్వాత వచ్చిన నియోక్లాసికల్ శైలి తిన్నని గీతలు, పైకి పోయేకొద్దీ చవక రాయి. ఎక్కడ అతుకు పడిందో వెతకడం నాకైతే మొత్తం గుడిలో ఎక్కువ సరదా ఇచ్చిన పని.

లోపల తల పైకెత్తడం మర్చిపోకండి. ఉప్పుగాలికి రాయి పెచ్చులూడుతుంటే ఆ ముక్కలు జనం మీద పడకుండా ఏళ్ళ తరబడి వలలు కట్టి ఉంచారు.

నేలమాళిగని అస్సలు వదలొద్దు. అది సముద్రమట్టానికి కింద ఉంది. ఈ ఊళ్ళోనే 1876లో పుట్టి, 1946లో అర్జెంటీనాలో చనిపోయిన సంగీతకర్త మాన్యుయెల్ ద ఫాయా సమాధి ఇక్కడే. జనం పల్చబడేదాకా ఆగి, మధ్యలో నిలబడి ఒక్కసారి మెల్లగా మాట్లాడి చూడండి, మీ గొంతు మీకే వేరే ఎవరిదోలా తిరిగొస్తుంది. ఊళ్ళో పాత గోడల్లో వాడే రాయిని కూడా ఎక్కడైనా దగ్గరగా చూడండి, అందులో గవ్వలూ ఆల్చిప్పల ముక్కలూ అలాగే అతుక్కుని కనిపిస్తాయి.

ఓపికుంటే చివరగా టవర్ ఎక్కండి. మెట్ల కంటే వాలుదారే ఎక్కువ కాబట్టి మోకాళ్ళ టెన్షన్ తక్కువే, కానీ ఇరుకు. పైకి వెళ్ళాక సముద్రం కంటే ముందు ఇళ్ళ కప్పులు చూడండి, అక్కడక్కడా చిన్న చిన్న బురుజులు లేచి ఉంటాయి. వందకు పైగా మిగిలాయట. తమ ఓడలు వస్తున్నాయా లేదా అని చూసుకోవడానికి వర్తకులు సొంత ఇళ్ళ మీద కట్టుకున్నవి అవన్నీ.