పగడపు దీవిలో ఇంటి వాననీటి ట్యాంకు: ఏర్పాటు, సంరక్షణ

పసిఫిక్ మహాసముద్రంలోని పగడపు దీవుల దేశం తువాలు రాజధాని ఫునాఫుటీలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైనే వాన కురుస్తుంది. అయినా 2011లో తాగునీళ్లు అడుగంటి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. పసిఫిక్ నడిమి నీళ్లు మామూలు కంటే చల్లబడే లా నినా ఏడాది వాన నెలల తరబడి ముఖం చాటేస్తుంది. నదులు లేవు, బావి తవ్వితే ఉప్పునీళ్లు. అందుకే ట్యాంకు సైజుకు ఎండు రోజుల్నే లెక్కేసుకోవాలి.

మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున ఐదుగురికి 90 రోజులంటే 9,000 లీటర్లు. పది వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకోండి. 50 చదరపు మీటర్ల రేకుల కప్పు నుంచి, చింది పోయేది తీసేసినా, ఒక్కో మిల్లీమీటరు వానకు 40 లీటర్లు వస్తాయి. 250 మిల్లీమీటర్లు పడితే ట్యాంకు నిండుతుంది.

నిండిన ట్యాంకు పది టన్నుల బరువు. ఇసుక మీద నేరుగా పెడితే ఒక పక్కకు కుంగి, కుళాయి దగ్గర చీలుతుంది. గట్టిగా దిమ్మిస చేసిన నేల మీద కాంక్రీటు దిమ్మె వేయండి. పొర్లే నీళ్లు దాని అంచును కోసేయకుండా పైపుతో దూరంగా వదలండి.

కప్పు అంచున వాననీళ్లు పట్టే గట్టర్‌కు మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు చాలు. ఇనుప కొక్కేలు ఉప్పుగాలికి తుప్పుపట్టి గట్టర్ జారిపోతుంది, పీవీసీవి వాడండి.

అసలు జాగ్రత్తంతా తొలి వాన దగ్గరే. పక్షుల రెట్టలు, ఉప్పు, ఆకులు అన్నీ ఆ నీళ్లలోనే దిగుతాయి. చదరపు మీటరుకు అర లీటరు చొప్పున, 50 చదరపు మీటర్ల కప్పుకు 25 లీటర్లు బయటికి పోవాలి. గట్టర్ నుంచి దిగే పైపుకు T ఆకారపు జోడింపు వేసి, కింద 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపును 1.4 మీటర్ల పొడవున నిలువుగా వేలాడదీయండి. అది నిండాకే నీళ్లు ట్యాంకులోకి మళ్లుతాయి. అడుగున మరతో బిగించే మూత పెట్టి, దానికి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. వాన వెలిశాక నీళ్లు బొట్టుబొట్టుగా కారిపోతాయి. ఎక్కువగా చెడేది ఈ రంధ్రమే: బురద అడ్డుపడితే పైపు నిండుగానే ఉండిపోయి, తర్వాతి వాన మురికి నేరుగా ట్యాంకులో పడుతుంది. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ మూత విప్పి కడగండి.

ట్యాంకులోకి వచ్చే దారికీ పొర్లు పైపుకూ ఒక మిల్లీమీటరు కన్నుల జాలీ కట్టండి, లేదంటే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. కుళాయిని అడుగుకు 10 సెంటీమీటర్లు పైన బిగిస్తే పేరుకున్న మడ్డి రాదు. నీళ్లలో రెట్టలు పడ్డాయని అనుమానమొస్తే, నిండు ట్యాంకుకు 5 శాతం క్లోరిన్ ఉన్న, వాసన కలపని బ్లీచ్ ఒక లీటరు పోసి, 24 గంటలు ఆగి వాడండి.

తుఫాను హెచ్చరిక వస్తే దిగుడు పైపు విప్పేయండి, ట్యాంకును తాళ్లతో కట్టేయండి. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది. తుఫాను పోయాక, కప్పు మీద పడ్డ సముద్రపు తుంపర ఒక మంచి వానకు కడుక్కుపోయేదాకా పైపు తిరిగి తగిలించకండి. జారే నీళ్లు నాలుకకు ఉప్పగా లేవని రుచి చూశాకే బిగించండి.