వానాకాలంలో ఇద్దరే హిమాలయాలకు వెళ్తున్నారా? సంచి సర్దే ముందు తేల్చుకోవలసినవి

జులై, ఆగస్టుల్లో హిమాలయాలకు ఉండే పచ్చదనం మరే నెలలోనూ ఉండదు. ఉత్తరాఖండ్‌లోని పూల లోయ నిండుగా పూసేది అప్పుడే. దేవదారు చెట్ల మధ్యకు మబ్బు దిగివచ్చేదీ అప్పుడే. గది అద్దెలు తగ్గుతాయి, సిమ్లా మాల్ రోడ్డు మీద జనం పలచబడతారు. వీపున సంచి వేసుకుని ఇద్దరే తిరగాలనుకునే జంటలను ఈ కాలం ఇట్టే లాగుతుంది. వెళ్లవద్దని నేను అనను. కానీ ఆ రెండు నెలల్లో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది దారి, మీరు వేసుకున్న పథకం కాదు. ఈ మాటకు ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే టికెట్లు కొనండి.

ముందుగా, ఎక్కడికి వెళ్లాలన్నది. కొండలన్నిటా ఒకే వాన కురవదు. డార్జీలింగ్, సిక్కిం వైపు రుతుపవనాలు జూన్ మొదట్లోనే చేరుకుంటాయి. ఉత్తరాఖండ్, హిమాచల్‌లలో జూన్ చివరి వారం నుంచి సెప్టెంబరు మూడో నాలుగో వారం దాకా ఉంటాయి. ధౌలాధార్ శ్రేణి ధర్మశాల వెనకే గోడలా నిలబడి మబ్బులను అక్కడే ఆపేస్తుంది కాబట్టి హిమాచల్‌లో అత్యధికంగా వానపడే చోట్లలో అదొకటి. అదే హిమాచల్‌లోని లాహౌల్, స్పితి, దాని పైనున్న లద్దాఖ్ పెద్ద శ్రేణులకు ఆవలి పక్కన ఉన్నాయి. అక్కడికి చేరేసరికి మబ్బుల్లో నీరు చాలావరకు అయిపోతుంది. వానాకాలంలో తప్పక వెళ్లాలంటే నా ఓటు అటువైపే. అయినా రెండు చిక్కులున్నాయి. మనాలీ దాటితే అటల్ సొరంగం మిమ్మల్ని లాహౌల్‌లో దింపుతుంది, నిజమే, కానీ మనాలీకి చేరాలంటే మండీ, కుల్లూ మధ్య బియాస్ లోయలోంచే పోవాలి. 2023 జులైలో ఆ నది జాతీయ రహదారిని చాలాచోట్ల కోసేసింది, వేలమంది పర్యాటకులు కుల్లూ, మనాలీల్లో చిక్కుకుపోయారు. రెండోది, వాన తక్కువంటే భద్రమని కాదు. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన కుండపోత లేహ్ పట్టణాన్ని బురదలో ముంచింది.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి పలచని గాలికి ఒళ్లు అలవాటు పడాలి. విమానంలో దిగినవారు తొలి రెండు రోజులు గది దగ్గరే నెమ్మదిగా గడపాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి వెళ్లడం ఆపేయాలి. నడక తూలినా, మాట తడబడినా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే కిందికి దించాలి. తూలుతున్న మనిషికి తన స్థితి తెలియదు, పక్కనున్నవారే గమనించాలి.

ఇక ప్రయాణం. రోజుకొక ఊరు అని పథకం వేసుకుంటే వానాకాలంలో అది నిలవదు. ప్రతి మూడు రోజులకూ ఒక రోజు ఖాళీగా వదలండి. ఢిల్లీ నుంచి ఇంటికి వెళ్లే రైలుకు కనీసం రెండు రోజుల ముందే కొండ దిగేలా చూసుకోండి. తిరుగు టికెట్ తరుముతుంటే, వెళ్లకూడని వేళలో బస్సెక్కే జంటలే ఎక్కువ. పొద్దున్నే బయల్దేరి, వెలుగుండగానే చేరుకునే దూరమే పెట్టుకోండి. చీకట్లో రోడ్డు అంచు ఎక్కడ కోసుకుపోయిందో డ్రైవరుకూ కనిపించదు. అద్దె స్కూటరు మీద వెళ్దామనే ఆలోచన ఈ నెలల్లో మానుకోండి. స్థానిక బస్సు డ్రైవర్లకు ఏ మలుపు దగ్గర రాళ్లు పడతాయో తెలుసు. వారు ఆపారంటే కారణం ఉంటుంది, తొందరపెట్టకండి.

వాన ఆగింది కదా అని బయల్దేరడం అందరూ చేసే పని. నానిన కొండ ఎండ వచ్చాక కూడా జారుతుంది. 2021 జులై 25న కిన్నౌర్ జిల్లా బట్సేరి దగ్గర పైనుంచి దొర్లిన బండరాళ్లు పర్యాటకుల వాహనం మీద పడి తొమ్మిదిమంది చనిపోయారు. చిన్న రాళ్లు టపటపా రాలుతున్నా, చెట్లు ఒక వైపుకు వాలుతున్నా, రోడ్డు మీద కొత్త పగుళ్లు కనిపించినా అక్కడ ఆగి ఫొటోలు తీయకండి. అలాంటి చోటును త్వరగా దాటండి, లేదా దూరంగా వెనక్కి వచ్చేయండి.

నదుల గురించి తెలుగువారికి వేరే చెప్పాలా? 2014 జూన్ 8న మండీ జిల్లాలో బియాస్ నదిలోని రాళ్ల మీదకు దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల మీదకు, ఎగువనున్న లార్జీ ప్రాజెక్టు వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. అప్పటికి అక్కడ వానాకాలం మొదలే కాలేదు. ఆ పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నీరు మోకాలి లోతే కదా అనుకుని ఏ కొండ నదిలోకీ దిగకండి, ఒడ్డు రాళ్ల మీద కూర్చోకండి. వాగులో నీరు హఠాత్తుగా బురదగా మారినా, ఉన్నట్టుండి తగ్గిపోయినా ఎగువన ఏదో అడ్డుపడిందని అర్థం. వెంటనే గట్టెక్కి, ఇంకా ఎత్తుకు వెళ్లండి. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నం తర్వాత ఉబ్బుతాయి, వాటిని దాటవలసి వస్తే పొద్దున్నే దాటాలి.

గది తీసుకునేటప్పుడూ ఇదే గుర్తుండాలి. కిటికీలోంచి వాగు కనిపించే గదికి గిరాకీ ఎక్కువ. ఈ కాలంలో నేనైతే ఆ గది ఉచితంగా ఇచ్చినా తీసుకోను. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీలో ఖీర్ గంగ వాగు రాళ్లూ బురదతో దిగివచ్చి, హోటళ్లు నిండిన బజారును పట్టపగలే కప్పేసింది. వాగు కొండ దిగి పరుచుకునే చోట చదునైన నేల ఏర్పడుతుంది, ఊళ్లూ బజార్లూ అక్కడే వెలుస్తాయి. ఆ నేలను పరిచింది పాత వరదలే. కాబట్టి వాగుకు దూరంగా, కాస్త ఎత్తున, వెనక నిలువుగా కోసిన మట్టి గోడ లేని ఇంట్లో దిగండి. రాత్రి గట్టి వాన పడితే ఎటు పరుగెత్తాలని ఇంటివారిని సాయంత్రమే అడిగి, ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి.

వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలను రోజూ రెండు పూటలా చూడండి. నారింజ రంగు వచ్చిందంటే ఉన్నచోటే ఉండాలి. ఎరుపు వస్తే చర్చ కూడా అక్కర్లేదు. అయితే మేఘ విస్ఫోటం ముందుగా చెప్పి రాదు. గంటలో 100 మిల్లీమీటర్ల వాన, అదీ 20, 30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో కురవడాన్ని అలా అంటారు. కచ్చితంగా ఏ లోయలో పడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పారాగ్లైడింగ్, రాఫ్టింగ్‌లపై నిషేధం ఉంటుంది. ఎవరైనా రహస్యంగా తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి.

జంటగా వెళ్లేవారికి ప్రత్యేకంగా ఒక మాట. ప్రమాదంలో పడే జంటల్లో చాలాసార్లు ఒకరికి ముందే భయం వేసి ఉంటుంది, ఎదుటివారి సరదా పాడవుతుందని చెప్పరు. అందుకే ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకోండి: ఎవరు వద్దన్నా ఇద్దరూ ఆగాలి, కారణం అడగకూడదు, తర్వాత దెప్పకూడదు. నడకదారిలో ఒకరు ముందు, ఒకరు వెనక దూరమైపోకుండా నెమ్మదిగా నడిచేవారి వేగంతోనే సాగండి. సామాను కూడా ఒకరి సంచిలో తిండి, ఇంకొకరి సంచిలో మందులు అని పంచుకోకండి. ప్రతి సంచిలోనూ కొంత నగదు, గుర్తింపు కార్డు, టార్చి, ఓఆర్‌ఎస్, వెచ్చని ఉన్ని బట్ట, ఒక పూట తిండి ఉండాలి. కరెంటు పోతే ఏటీఎం పనిచేయదు, ఫోన్ టవరూ ఆగిపోతుంది. ఇద్దరి సిమ్‌లూ వేర్వేరు కంపెనీలవైతే మేలు. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, కనీసం ఒకరిదైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

సంచికి పైన వేసే కవరు ఒక్కటే సరిపోదు, లోపల దళసరి ప్లాస్టిక్ సంచి పెట్టి అందులో బట్టలు సర్దండి. జీన్స్ తడిస్తే రెండు రోజులకు గానీ ఆరవు, ఇంట్లోనే ఉంచేయండి. ఒక జత మేజోళ్లు, ఒక జత బట్టలు రాత్రి నిద్రకే దాచుకోండి, ఎంత తడిసినా వాటిని పగలు తీయవద్దు. తడి బట్టలతో గాలిలో నిలబడితే వానాకాలంలోనూ ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతుంది. జలగ పట్టుకుంటే లాగకుండా, నిప్పు పెట్టకుండా గోరుతో పక్కకు తోస్తే వదిలేస్తుంది. నీళ్లు మరిగించే తాగాలి. 2,000 మీటర్లు దాటాక నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మూడు నిమిషాలు మరగనివ్వండి.

దారి మూసుకుపోతే కంగారుపడకండి. దగ్గర్లోని ఊళ్లోకి వెనక్కి వెళ్లి గది చూసుకుని, ఎక్కడున్నారో ఇంటికి చెప్పండి, అవసరమైతే అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి. కొండచరియ మీదుగా నడిచి అవతలి బస్సు అందుకుందామని పదిమంది బయల్దేరుతారు, వారితో వెళ్లకండి. జేసీబీ మట్టి తీసి రోడ్డు తెరిచాక కూడా మొదటి వాహనంలో ఎక్కాలని తోసుకోవద్దు. కొత్తగా తవ్విన కొండ అప్పటికింకా కుదురుకోదు, కాసేపు వాహనాలు క్షేమంగా దాటాక మీరు దాటండి.